వెనక వరుస మూలుగు

నేను పాట నేర్సుకుందామని పోయి, ఒక బడి మొత్తాన్ని చెప్పులు ఇడిశిపెట్టి ఉరికిచ్చిన మనిషిని. పిల్లలు ఉరికిన్రు, తల్లులు ఉరికిన్రు, మోకాలికి పట్టీ కట్టుకున్న హెడ్ మేడమ్ అందరికన్న ముందల ఉరికింది. గసొంటి ఘనకార్యం మా ములకలపల్లి దిక్కు అంతకుముందు ఎవ్వరు చెయ్యలే. ఇప్పుడు ఖమ్మంల కిరాయి ఇంట్ల ఫ్యాన్ కింద కూసోని చెప్తున్న కాబట్టి నవ్వొస్తున్నది గని, అప్పుడు నాకు అన్నం గొంతు దిగలే. మీరు నవ్వితే నవ్వున్రి, కాని నడుమల లేశి పోకున్రి.

నేనప్పుడు ఏడో తరగతి. మా బడి ఊరి చివర ఉండె. బడి వెనక కంచె, కంచె అవతల మక్క చేను, చేను అయిపోయినకాడ అడివి మొదలు. చలికాలం వచ్చిందంటే ఆఖరు పీరియడ్‌కే పొద్దు చెట్ల ఎనుకకు జారుతుండె. మంచు చేను మీదికెళ్లి మెల్లగ కంచె దాటి బడి అరుగు దాక వస్తుండె. ఆ పీరియడ్‌లనే లెక్కల సారు స్పెషల్ క్లాసు తీసుకుంటుండె. మాకు అడివంటే భయం లేదు, మంచంటే భయం లేదు. భయమంతా లెక్కల సారు మీదనే ఖర్చు పెట్టుకున్నం.

గప్పుడే మధిర దిక్కు నుంచి కొత్తగ పాటల సారు వచ్చిండు. సన్నటి మనిషి. మెడకు మఫ్లర్, చేతిల హార్మోనియం పెట్టె. అడివి దిక్కు కిటికీ తెరిచి ఉంటే ఆయనకు మాట సరిగ రాదు. మొదలు కిటికీ మూశి, గడియ పెట్టి, అది పడ్డదా లేదా అని ఒకసారి గుంజి చూసి, అప్పుడు మాట్లాడుతడు.

"అమ్మాయిలూ, అందరూ కలిసి ఒకే గొంతుతో పాడటం నేర్పిస్తాను. దీన్ని బృందగానం అంటారు. ఆఖరి పీరియడ్‌లో క్లాసు. ఇష్టమున్నవాళ్లే రండి," అన్నడు.

నేను చెయ్యి లేపిన. "సార్, ఇది నేర్సుకునేటోళ్లకు లెక్కల స్పెషల్ క్లాసు ఉంటదా?"

"ఉండదమ్మా."

"అయితే నాకు సంగీతమంటే పాణం సార్."

ఒక్కొక్కరితోని పాడిచ్చి చూసిండు. నా వంతు వచ్చింది. పాడిన. సారు హార్మోనియం మీదికెళ్లి చేతులు తీశి, నా దిక్కు చానసేపు చూసిండు.

"మీ ఇంట్లో ఎవరైనా పాడతారామ్మా?"

"లేదు సార్. మా నాయనమ్మ మంచె మీద కూసోని పందులను ఎల్లగొడ్తది. నేను గూడ కొడ్త."

"అర్థమైంది. నువ్వు పొడుగ్గా ఉన్నావు కదా, వెనక వరుసలో నిలబడు. ఇంకా వెనక్కి. ఆ గోడ దాకా వెళ్లమ్మా."

నా దోస్తు రజితను మాత్రం ముందు వరుసల నడుమ నిలబెట్టిండు. రజిత మాట్లాడమంటే మాట్లాడదు, పాడమంటే పాడ్తది. అది పాడుతుంటే మధ్యాన్నం బువ్వ వండే ఆమె గూడ గరిటె పట్టుకోని వచ్చి వాకిట్ల నిలవడేది. ఆళ్లమ్మ కూలికి పోతది, ఇంట్ల రేడియో గూడ లేదు, మరి ఆ గొంతు యాడికెళ్లి వచ్చిందో మాకెవ్వరికి తెల్వదు. "ఈ పిల్లని నమ్ముకునే మండలం పోటీలకి వెళ్తున్నా," అన్నడు సారు. హెడ్ మేడమ్ గూడ మాట ఖరారు చేసింది. పోటీలల్ల మంచిగ పాడితే క్లాసు ఉంటది, లేకపోతే ఆఖరు పీరియడ్ మళ్ల లెక్కల సారుకే. అంటే రజిత పాడితేనే క్లాసు. నా బతుకంతా దాని గొంతుల ఉండె.

మొదటి పాఠం రేకుల షెడ్డుల జరిగింది. "కళ్లు మూసుకోండి. పెదాలు కలిపి, మ్మ్... అని ఒకే స్వరం పట్టండి. నేను చప్పట్లు కొట్టగానే అందరూ ఒకేసారి ఆపాలి," అన్నడు సారు.

నేను కండ్లు మూసుకున్న. గోడకు ఆనుకోని, మా నాయనమ్మ నేర్పినట్టు రెండు చెవులల్ల రెండు ఏళ్లు పెట్టుకోని, స్వరం పట్టిన. మస్తుగనిపిచ్చింది. కడుపుల ఏదో బండి నడుస్తున్నట్టు ఉండె. దమ్ము అయిపోయినంక కండ్లు తెరిస్తే, షెడ్డుల ఎవ్వరు కదుల్తలేరు. ఒక్కొక్కరి మొఖం సున్నం కొట్టిన గోడ లెక్క తెల్లగైంది.

రజిత ఎనుకకు మళ్లి, "ఇన్నవానే?" అన్నది.

"ఏంది?"

"మూలుగు. అందరం ఆపినంక గూడ ఎవరో మూలుగుతనే ఉన్నరు. రేకులు వణికినయ్."

నాకేం ఇనపడలే. ఒట్టు. కాని అందరికి ఇనపడ్డది. ఒకామె కింద భూమిలకెళ్లి వచ్చిందంటది, ఒకామె కుండల మొఖం పెట్టి ఏడ్శినట్టు ఉండె అంటది. నాకొక్కదానికే ఏం ఇనపడలేదంటే ఎంత నామోషీ! పెండ్లికి అందరిని పిలిచి నన్నొక్కదాన్ని ఇడిశిపెట్టినట్టు అనిపిచ్చింది.

"అవ్, ఇన్న," అన్న. "అమ్మో, మస్తు ఇన్న."

సారు దగ్గి, "గాలమ్మా. రేకుల షెడ్డు కదా, గాలికి అలా మోగుతుంది," అన్నడు. ఆ దినం ఆకు కదిలితే ఒట్టు. హార్మోనియం పెట్టె మూత మాత్రం ఆయన చేతులల్ల టకటకమని కొట్టుకున్నది.

మర్నాడు మళ్ల వచ్చింది. ఆ మర్నాడు గూడ వచ్చింది. సారు చప్పట్లు కొట్టుడు, అందరు ఆపుడు, అది మాత్రం ఆపకపోవుడు. అది ఆగినంకనే నేను కండ్లు తెరుస్తుంటి, నాకేం తెల్వకపోతుండె. పిల్లలు నా దిక్కు తిరిగి చూస్తే, పెదాలు బిగవట్టి, కండ్లు గట్టిగ మూసుకోని, చెవులల్ల ఏళ్లు పెట్టుకోని కనపడుతుంటినంట. "పాపం, అందరికన్న ఎక్కువ ఇదే భయపడుతున్నది," అని జాలి పడ్డరంట.

ఒక పిల్లకు అనుమానమొచ్చింది. "చెవులు మూసుకున్నవ్ గదనే, నీకెట్ల ఇనపడ్డది?"

"చెవులు మూసుకున్నా ఇనపడ్డది. అదే గదా భయం!"

ఆ మాటకు అందరు నాకు జర దగ్గరగ జరిగిన్రు. పుట్టి బుద్ధెరిగినంక నా మాటను గంతమంది నోరు తెరుసుకోని ఇన్నది అదే మొదలు. ఇగ నేనెట్ల ఊకుంట?

"అది ఉత్తగ మూలుగుతలేదు," అన్న. "పేరు వెట్టి పిలుస్తున్నది."

"ఎవల పేరు?"

ఎదురుంగ రజిత ఉండె. నోట్ల ఆ పేరే ఉండె. "రజితా... అన్నది," అన్న.

చూసిన్రా! ఎంత సులువుగ వచ్చిందో నోట్లకెళ్లి. లెక్కల సారు అడిగితే ఒక్క జవాబు రాదు నాకు.

రజిత ఆ దినం పాట నడుమల ఆగి, ఒకసారి ఎనుకకు చూసింది. మర్నాడు దాని గొంతు సగమే లేశింది. ఆ మర్నాడు బడికి రాలే. జ్వరమొచ్చిందన్నరు.

రజిత రాని దినమే అసలు సంగతి జరిగింది. స్వరం పట్టినం. నేను దమ్ము అయిపోయి, చెవులల్ల ఏళ్లు తీశిన. గప్పుడు ఇన్న, నా సొంత చెవులతోని. గోడ అవతలకెళ్లి, చేను అవతలకెళ్లి, ఒక కూత వచ్చింది. మాట లేదు, పేరు లేదు. పొడుగ్గ "ఓ..." అని వచ్చి, ఆఖరుకు జర పైకి లేశి ఆగింది, ఎవరన్నా ఏమన్నా అడిగి జవాబు కోసం ఆగినట్టు. కిటికీ సందుల మంచు ఉండె. మక్క కర్రలు ఒక్కటి గూడ కదులుతలేవు. ఊర్ల కుక్కలు మొరుగుడు బందు పెట్టినయ్.

అబద్ధమాడి దాన్ని నేనే పిలిపిచ్చిన్నా ఏంది? లేకపోతే అది నిజంగనే ఉండి, నా అబద్ధం ఇని, "నేను ఎవలను పిలిచిన్నో నీకెట్ల తెలుసు?" అని అడగొచ్చిందా?

అప్పటికెళ్లి రోజు గట్లనే. మొదలు లోపలి మూలుగు, ఎనుకనే అడివికెళ్లి జవాబు. సారు ఇగ గాలి పేరు ఎత్తలే. పిల్లలు ఒక్కొక్కరు మానేసిన్రు. లెక్కల సారు వరండల నిలవడి, చాక్‌పీసు చేతుల ఎగరేసుకుంట మా దిక్కు చూస్తుండె.

నేను రజితోళ్ల ఇంటికి పోయిన. దుప్పటి కప్పుకోని గోడకు ఆనుకోని కూసున్నది. ముంజేతికి నల్ల దారం, తల కింద యాపకొమ్మ.

"పాడాలని ఉన్నదే నాకు," అన్నది మెల్లగ. "ఇంట్ల ఒక్కదాన్నే ఉన్నప్పుడు పాడుదామని నోరు తెరుస్త. అది నా ఎనుక నిలవడి, నాకంటె ముందల మొదలువెడ్తదేమో అని నోరు మూసుకుంట."

చెప్పాలె. నీ పేరు నేను కల్పిచ్చిన అని చెప్పాలె. పొయ్యికాడికెళ్లి ఆళ్లమ్మ, "నా బిడ్డకు పాట వద్దు, ఏం వద్దు. పాణం ఉంటే చాలు," అన్నది. చెప్పకుంటనే వాళ్లమ్మ ఇచ్చిన చాయ్ తాగి ఇంటికొచ్చిన. అంత చేదు చాయ్ నేను మళ్ల తాగలే.

ఆఖరుకు తల్లులందరు బడి మీదికి వచ్చిన్రు. హెడ్ మేడమ్ అందరిని రేకుల షెడ్డుల కూసోబెట్టింది. "మీ ముందలనే ఒక్కసారి పాడిపిస్త. ఏం రాకపోతే క్లాసు ఉంటది. ఏమన్నా వస్తే ఇయ్యాలనే బందు," అన్నది. రజితను గూడ ఆళ్లమ్మ చెయ్యి పట్టుకోని తీసుకొచ్చింది. ముందు వరుసల దాన్ని చూసిన. భుజాలు ఇంత చిన్నగ అయినయ్.

నేను గట్టిగ అనుకున్న. నా మూలంగ దాని పాట ఆగిపోయింది, నేనే నిలబెట్టాలె. ఇయ్యాల పాణం పెట్టి పాడాలె. నా స్వరం ముందల ఆ మూలుగు ఇనపడొద్దు!

ఆ మాట ఇంకోసారి ఇనున్రి. తెలివి అంటే గట్ల ఉండాలె.

సారు చెయ్యి లేపిండు. కండ్లు మూసుకున్న, చెవులల్ల ఏళ్లు పెట్టుకున్న. నోరు మూసుకోని పడితే సాలదని, ఆ దినం నోరు తెరిచే పట్టిన. దేవుళ్లందరిని తలుసుకుంట, రజితను తలుసుకుంట, నాయనమ్మ మంచె మీద ఎట్ల పడ్తదో గట్లనే పట్టిన. ఎంతసేపు పట్టిన్నో నాకే తెల్వదు. దమ్ము అయిపోతే ఇంకో దమ్ము తీసుకున్న. కాళ్ల కింద భూమి అదిరినట్టు అనిపిచ్చింది. నా స్వరానికే అదురుతున్నది అనుకోని ఖుషీ అయిన.

గంతల ఎవరో నా కాలి బొటనేలు మీద టక్కున పొడిశిన్రు. ఆపి, కండ్లు తెరిచిన.

షెడ్డుల ఒక్క పురుగు లేదు. కుర్చీలు బోర్లబడి ఉన్నయ్. నేలంత చెప్పులు. హార్మోనియం తనంతట తాను "కుయ్" అని గాలి ఇడుస్తున్నది. మంచు లోపలికి వచ్చింది. మంచుల, నా కాళ్లకాడ, నల్ల గొంగడి కప్పుకున్న ముసలాయన మోకాళ్ల మీద కూసోని, రెండు చేతులు ఎత్తి నాకు మొక్కుతున్నడు. ఆయన ముందల, కాళ్లకు తాడు కట్టిన కోడి ఒకటి నా ఇంకో బొటనేలు దిక్కు చూస్తున్నది.

నేను ఒర్లుదామనుకున్న. ఆయన నాకన్న ముందల ఏడ్శిండు.

"అమ్మా తల్లీ! నువ్వెవలవో నాకు తెల్వదు. ఈ కోడిని తీసుకోని నన్ను ఇడిశిపెట్టు. నువ్వు పిలుస్తవ్, నేను పలుకుత, నువ్వు మళ్ల పలుకవు, నేను కట్టె పట్టుకోని ఉరికొస్త. మోకాళ్ల నొప్పులు తల్లీ, రోజు ఉరుకలేను!"

"తాతా, నేను ఏడో తరగతి. బీ సెక్షన్."

ముసలాయన మెల్లగ తల ఎత్తిండు. "దయ్యాలల్ల సెక్షన్లు గూడ ఉంటయా?"

కిటికీల అవతల ఒక్కొక్క తలకాయ లేశింది. మొదలు లెక్కల సారుది, ఎనుక హెడ్ మేడమ్‌ది. పాటల సారుది మాత్రం బస్ స్టాపు కాడికెళ్లి పట్టుకొచ్చినంక లేశింది. అందరు నన్ను చూసిన్రు, నా చెవుల కాడ ఇంకా పైకే ఉన్న ఏళ్లను చూసిన్రు. రజితోళ్లమ్మ కొంగు నడుముకు దోపుకోని లోపలికి వచ్చింది.

"ఇన్ని దినాలు మూలిగింది నువ్వానే?"

అప్పుడు గని నా బుర్రల దీపం ఎలగలే. మంచె మీద పద్ధతి ఏందంటే, పొద్దుగూకే యాళ్లకు ఒక చేనోళ్లు కూత పెడ్తె, పక్క చేనోళ్లు పలుకుతరు. పలికేదాక కూత ఇడవొద్దు. నడుమల ఇడిస్తే, మీద ఎలుగుబంటి పడ్డదనుకోని కట్టెలు పట్టుకోని ఉరికొస్తరు. చెవులు మూసుకుంటే కూత పొడుగొస్తదని మా నాయనమ్మ నాతోని ఏళ్లు పెట్టిచ్చేది. జవాబు తాను ఇని, నా కాలు మీద తట్టేది. తడితేనే నేను ఆపాలె. నాకు తెలిసిన పాటంతా గంతే. సారు చప్పట్లు నాకెన్నడు ఇనపడలే, బడిల నన్ను తట్టినోళ్లు ఎవ్వరు లేరు. వెనక వరుసల నిలవడి, దమ్మున్నంతసేపు పట్టుకోనే ఉన్న. చేనుకు కొత్తగ కావలి కుదిరిన ముసలాయన, పిలిచినోళ్లకు పలకకపోతే పాపమని పలికిండు.

రజిత నా ముందల వచ్చి నిలవడ్డది. "నా పేరు పిలిచింది అన్నవ్ గదనే?"

నాకు ఏడ్పు ఆగలే. "నాకొక్కదానికే ఏం ఇనపడలేదే. అందరికి ఇనపడ్డది. నన్నెవ్వరు లెక్కవెట్టరని గట్లన్న. నువ్వు పాడుడు ఆపినంక చెప్దామనుకున్న, చెప్పనీకె దమ్ము రాలే."

"అంతసేపు మూలగనీకె దమ్ముంది గని, ఒక్క మాట చెప్పనీకె లేదా?"

నా చెవు పట్టుకోని మెలివెట్టింది. ఊరికే గాదు, నిజంగనే మెలివెట్టింది. మెలివెట్టి, మెలివెట్టి, దానికే నవ్వొచ్చింది. ముంజేతి దారం తెంపి ఆళ్లమ్మ చేతుల పెట్టి, పోయి ముందు వరుసల నిలవడి పాట అందుకున్నది. అది పాడుతుంటే ఆళ్లమ్మ గోడకు మొఖం పెట్టుకోని ఏడ్శింది. కోడి గూడ సప్పుడు చెయ్యలే.

కథ గీడికి ఒడిశిపోతే నేను సుఖంగ ఉందును. ముసలాయనకు స్టాఫ్ రూముల చాయ్ పోసిన్రు. పాటల సారు ఇగ దయ్యం లేదన్న ధైర్యంతోని కాలు మీద కాలేసుకోని, "ఇన్నాళ్ల నుంచి భలే భయపెట్టావు తాతా," అన్నడు.

"ఇన్నాళ్లా?" అన్నడు తాత. "నేను కావలికి వచ్చింది మొన్ననే గద సారూ. మొన్న పలికిన, నిన్న పలికిన. గంతకుముందు పినపాకల మా బిడ్డకాడ ఉన్న. మంచె ఉత్తగనే ఉండె, ఎవ్వరు లేరు."

సారు కాలు మెల్లగ కిందికి దిగింది. వారం కింద రజిత మంచం పట్టిన దినం నుంచి మేము రోజు జవాబు ఇన్నం. నేను హెడ్ మేడమ్‌ను చూసిన, మేడమ్ లెక్కల సారును చూసింది, సారు చాక్‌పీసును చూసుకున్నడు.

"ఇగ చాలు తాతా," అన్నది మేడమ్. "చాయ్ చల్లారుతది, తాగు."

ఆ సంగతి ఎవ్వరం మళ్ల ఎత్తలే. క్లాసును మాత్రం పొద్దుగాల పీరియడ్‌కు మార్చిన్రు.

మండలం పోటీలల్ల రజిత పాడితే జనం లేశి నిలవడి చప్పట్లు కొట్టిన్రు. నన్ను గూడ తీస్కపోయిన్రు, వరుస నిండాలె గద. "నువ్వు పెదాలు మాత్రం కదపమ్మా. నీకు దణ్ణం పెడతాను," అన్నడు సారు. నేను కదిపిన. ఒక్క సప్పుడు బయటికి రానియ్యలే. స్టేజీ దిగినంక సారు అందరి కన్న ముందల నా కాడికొచ్చి, తల మీద చెయ్యి పెట్టి, "ఈ రోజు అందరికంటే నువ్వే బాగా పాడావమ్మా," అన్నడు. కండ్లల్ల నీళ్లు గూడ తిరిగినయ్ ఆయనకు.

కాబట్టి ఇందుమూలంగ యావన్మందికి తెలియజేయునది ఏమనగా, ఈ జన్మల నేను మళ్ల స్వరం పట్టను. పెండ్లిల హారతి పాట పాడను. బతుకమ్మ కాడ చప్పట్లు కొడ్త గని నోరు తెరవను. నా కొడుకుకు జోలపాట గూడ పాడలే, "పండు" అంట, పండుతడు. సిగ్గుతోని పాడుతలేదని మా ఇంటోళ్లు అనుకుంటరు, అనుకోనియ్యి. మీకు నమ్మకం లేకపోతే మా దిక్కు రాన్రి. చలికాలం పొద్దుగూకే యాళ్ల ఆ చేను కాడ నిలవడి, ఉన్న దమ్మంత పెట్టి ఒక్క కూత పెట్టున్రి. ఎవరన్నా పలికితే మాత్రం నాకు చెప్పకున్రి.